పెట్టె మీది అంకె, పెట్టెలోని సరుకు

“రెండూ ఒక టీబీనే గదన్నా, అదెందుకు అంత పిరెం, ఇదెందుకు ఇంత చౌక?”

పావగడ బస్టాండు చుట్టుపక్కల కంప్యూటర్ అంగళ్లలో కాసేపు నిలబడితే కంప్యూటరులో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ గురించి ఈ ప్రశ్న చెవిన పడుతుంది. అడిగేవాళ్లలో పెళ్లి వీడియోలు తీసేవాళ్లుంటారు, జెరాక్సుతోపాటు డీటీపీ చేసేవాళ్లుంటారు, తుమకూరులోనో బెంగుళూరులోనో ఇంజనీరింగ్ చదివే పిల్లల తండ్రులుంటారు. అంగడాయన జవాబు మామూలుగా ఒక్కటే: “అది స్పీడు ఎక్కువ స్వామీ.” పెట్టె తిప్పి చూపిస్తాడు. ఒకదాని మీద సెకనుకు 560 ఎంబీ, ఇంకోదాని మీద 3500, మూడోదాని మీద 7000. అంకె పెరిగేకొద్దీ ధర పెరిగింది, కాబట్టి సరుకూ అంత మంచిదే అయ్యుండాలి. లెక్క తేలిపోయినట్టే ఉంటుంది.

నిజానికి తేలలేదు. పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో అచ్చేసిన అంకెకే చాలామంది పనితో అన్నిటికంటే తక్కువ సంబంధం.

పావగడ తాలూకా వాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల పొలాల్లో దాదాపు 13,000 ఎకరాల మేర పరుచుకున్న సోలార్ పార్కు సామర్థ్యం 2050 మెగావాట్లు. 2018 మార్చిలో ప్రారంభమై 2019 డిసెంబరుకు పూర్తిస్థాయికి వచ్చింది. ఆ అంకె అబద్ధం కాదు. కానీ పొద్దున ఏడింటికి అంత కరెంటు రాదు, మబ్బు పట్టినా రాదు, రాత్రి అసలే రాదు. ఒక్కో పలక వెనక చీటీ మీద ఉండే వాట్లు ప్రయోగశాలలో కొలిచినవి. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగు పడుతుండగా, పలక వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు వచ్చే అంకె అది. ఏప్రిల్ మధ్యాహ్నం ఎండకు పలక 60 డిగ్రీల దాకా కాగుతుంది. సిలికాన్ పలక డిగ్రీకి మూడో వంతు శాతం పైచిలుకు శక్తి పోగొట్టుకుంటుంది. అంటే ఎండ ఎంత మండినా చీటీలోని అంకెలో పదో వంతుకు మించి కోత పడుతుంది. ఎస్‌ఎస్‌డీ పెట్టె మీది వేగమూ ఇలాంటి చీటీయే. ఏ పరిస్థితిలో కొలిచారో తెలిస్తేనే దానికి అర్థం.

తిరిగే పళ్లెం, తిరగని చిప్పు

పాత లాప్‌టాప్‌లోని హార్డ్ డిస్కులో ఒక పళ్లెం తిరుగుతుంటుంది. నిమిషానికి 5400 చుట్లు. దాని మీద సన్నని చేయి ముందుకీ వెనక్కీ జరుగుతూ సమాచారాన్ని చదువుతుంది. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు చేతి కిందికి రావడానికి సగటున అందులో సగం. చేయి సరైన వరసకు జరగడానికి ఇంకో పది, పన్నెండు. మొత్తం మీద ఒక్కో ముక్కకు 17 మిల్లీసెకన్లు అనుకుంటే, సెకనుకు అరవై ముక్కలు కూడా దాటవు. విండోస్ తెరుచుకోవాలంటే వేల చిన్నచిన్న ఫైళ్లను అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకురావాలి. మనం కాఫీ తాగి వచ్చేదాకా ఆ తెల్ల చుక్కలు తిరుగుతూ ఉండటానికి కారణం ప్రాసెసరు చేతకానితనం కాదు, ఈ చేయి అటూ ఇటూ జరగడమే.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు. అంతా చిప్పులే. ఎక్కడున్న ముక్కనైనా మిల్లీసెకనులో పదో వంతుకు అటూ ఇటూగా తెచ్చిస్తుంది. అంటే సెకనుకు పదివేల ముక్కల లెక్క. అరవై ఎక్కడ, పదివేలు ఎక్కడ! ఎనిమిదేళ్ల నాటి లాప్‌టాప్‌కు అన్నిటికంటే చౌక రకం ఎస్‌ఎస్‌డీ వేసినా అది కొత్తదానిలా లేచి కూర్చునేది ఇందుకే.

ఇప్పుడు తరువాతి మెట్టు చూడండి. సాటా అనే పాత దారిలో పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెద్ద ఫైలును సెకనుకు 550 ఎంబీ వేగంతో చదువుతుంది. ఆ దారి అంతకుమించి పట్టదు. ఎన్‌వీఎంఈ అనే కొత్త దారిలో మూడో తరానికి 3500, నాలుగో తరానికి 7000, మరీ కొత్తదైన ఐదో తరానికి 14,000 దాకా. కాగితం మీద పదమూడు, ఇరవై అయిదు రెట్లు. అయితే ఆ వేగం ఒకే పెద్ద ఫైలును వరసబెట్టి చదివితే వచ్చేది. చిన్న ముక్కలను ఒకదాని తర్వాత ఒకటి అడిగే పనిలో, అంటే కంప్యూటర్ ఆన్ చేయడం, బ్రౌజరు తెరవడం, టాలీలో బిల్లు వేయడం లాంటి రోజువారీ పనుల్లో, సాటాకు సెకనుకు 30, 40 ఎంబీ వస్తే మంచి ఎన్‌వీఎంఈకి 60 నుంచి 90 దాకా వస్తుంది. రెట్టింపే. అదీ కంప్యూటరు మొత్తం పనిలో ఒక భాగమే కాబట్టి మన చేతికి తెలిసే తేడా ఒకటి రెండు సెకన్లు. హార్డ్ డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి మారడం మొదటి దూకుడు. డబ్బుకు నిజమైన విలువ అక్కడే ఉంది. తర్వాతివన్నీ చిన్న అడుగులు, పెద్ద ధరలు.

ఈ చిప్పు పుట్టింది జపాన్‌లో. తొషీబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీని ప్రపంచానికి చూపించాడు. మనం ఇప్పుడు వాడే నాండ్ రకం 1987లో బయటికొచ్చింది. 1991లో సన్‌డిస్క్ అనే చిన్న కంపెనీ ఐబీఎంకు ఇచ్చిన ఎస్‌ఎస్‌డీలో పట్టేది 20 ఎంబీ, ధర దాదాపు వెయ్యి డాలర్లు. నాలుగు మంచి ఫోటోలకు చాలని చోటు. ఆ కంపెనీని పెట్టిన ముగ్గురిలో ఒకరు మన దేశంలో పుట్టిన సంజయ్ మెహ్రోత్రా. 2017 నుంచి ఆయన మెమరీ చిప్పులు తయారుచేసే మైక్రాన్ కంపెనీ అధిపతి. ఆ మైక్రాన్‌కు హైదరాబాదులో పెద్ద డిజైన్ కేంద్రమే ఉంది.

ఒక గదిలో ఎన్ని మట్టాలు

చౌక, పిరెం తేడా అసలు మొదలయ్యేది ఇక్కడే. ఫ్లాష్ చిప్పులో కోట్లకొద్దీ సూక్ష్మమైన గదులుంటాయి. ఒక్కో గది చుట్టూ కరెంటు పోనివ్వని పొర. బలంగా వోల్టేజి పెట్టి ఎలక్ట్రాన్లను ఆ పొర దాటించి లోపలికి నెడతారు. కరెంటు తీసేసినా అవి అక్కడే చిక్కుకుని ఉంటాయి. గదిలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో కొలవడమే చదవడం.

తొలిరోజుల్లో గదిలో ఉందా, లేదా అని మాత్రమే చూసేవాళ్లు. రెండు మట్టాలు, ఒక బిట్టు. తర్వాత అదే గదిలో నాలుగు మట్టాలు గుర్తుపట్టి రెండు బిట్లు దాచారు. ఎనిమిది మట్టాలైతే మూడు బిట్లు. దీన్ని టీఎల్‌సీ అంటారు. పదహారు మట్టాలైతే నాలుగు బిట్లు, క్యూఎల్‌సీ. గదులు పెంచకుండా సరుకు పెంచే ఉపాయమిది. టీఎల్‌సీ గదిలో పట్టేదానికంటే క్యూఎల్‌సీ గదిలో మూడో వంతు ఎక్కువ పడుతుంది. చౌకదనం అక్కడి నుంచే వస్తుంది.

దానికి చెల్లించే మూల్యమూ ఉంది. పదహారు మట్టాల్లో సరిగ్గా పదకొండో మట్టానికి నింపాలంటే కొద్దిగా నెట్టి, కొలిచి, మళ్లీ కొద్దిగా నెట్టి, మళ్లీ కొలవాలి. రాయడం నెమ్మదిస్తుంది. చెరిపి రాసిన ప్రతిసారీ చుట్టూ ఉన్న పొర కాస్త అరుగుతుంది. అరిగిన పొరలోంచి ఎలక్ట్రాన్లు కారితే, రెండు మట్టాలున్న గదికి పెద్ద నష్టం లేదు గానీ పదహారు ఇరుకు మట్టాలున్న గదిలో పదకొండు పదైపోతుంది. అందుకే ఒక బిట్టు గదిని లక్ష సార్లు చెరిపి రాయగలిగితే, టీఎల్‌సీని వెయ్యి నుంచి మూడు వేల సార్లు, క్యూఎల్‌సీని వెయ్యి సార్ల దాకా అనుకోవచ్చు. 2013లో శాంసంగ్ గదులను మేడల మీద మేడలుగా కట్టే పద్ధతిని అమ్మకానికి తెచ్చింది. అప్పుడు 24 అంతస్తులు, ఇప్పుడు రెండు వందలు దాటాయి. దాంతో గదులను మరీ చిన్నవి చేయాల్సిన ఒత్తిడి తగ్గి, టీఎల్‌సీ మన్నిక బాగుపడింది.

వాకిలి నిండిన తర్వాత

మరి క్యూఎల్‌సీ అంత నెమ్మదైతే దాని పెట్టె మీద కూడా 530, 560 అని ఎలా రాస్తారు? ఇక్కడ ఒక యుక్తి ఉంది.

కల్లం నుంచి శనక్కాయల బస్తాలు ట్రాక్టరులో ఇంటికొస్తాయి. వాకిట్లో దించడానికి ఎంతసేపు? పది నిమిషాలు. ట్రాక్టరు మళ్లీ పొలానికి పోతుంది. ఇంట్లోవాళ్లు తీరిగ్గా ఒక్కో బస్తా లోపలికి మోసి, సందు లేకుండా పైకంటా పేరుస్తారు. వాకిలి ఖాళీగా ఉన్నంతసేపు ట్రాక్టరు ఆగే పనిలేదు. వాకిలి నిండాక వచ్చిన ట్రాక్టరు మాత్రం లోపల పేర్చేవాళ్ల చేతివేగాన్ని బట్టే ఖాళీ అవుతుంది.

ఎస్‌ఎస్‌డీ కూడా తన గదుల్లో కొన్నింటిని వాకిలిగా ఉంచుకుంటుంది. వాటిలో ఒక్కో బిట్టే పెడుతుంది, కాబట్టి చకచకా రాసేస్తుంది. మనం వేరే పనిలో ఉన్నప్పుడు వాటిని నాలుగు బిట్ల గదుల్లోకి సర్దుతుంది. పెట్టె మీది అంకె వాకిట్లో దించే వేగం. వాకిలి ఎంత, అది నిండాక వేగమెంత అన్నది పెట్టె మీద ఉండదు. కొన్ని కంపెనీలు వెబ్‌సైట్లో పెట్టే వివరపత్రంలో చెబుతాయి, చాలావి చెప్పవు. చెప్పినవాళ్లలో శాంసంగ్ ఒకటి. ఆ కంపెనీ 870 క్యూవీవో అనే క్యూఎల్‌సీ రకం ఒక టీబీ డ్రైవులో వాకిలి 42 జీబీ. అది నిండాక రాసే వేగం సెకనుకు 80 ఎంబీ. పాత హార్డ్ డిస్కు కంటే తక్కువ! అదే కంపెనీ 870 ఈవీవో టీఎల్‌సీ రకం. ఒక టీబీ డ్రైవు చివరిదాకా 530 దగ్గరే రాస్తుంది.

ఒక పెళ్లి వీడియో లెక్క వేద్దాం. రెండు రోజుల పెళ్లి, రెండు కెమెరాలు, మొత్తం 200 జీబీ. ఎడిటింగ్ కంప్యూటర్లోని వేగమైన డ్రైవు నుంచి కాపీ చేస్తున్నాం. ఈవీవోలోకి ఆరు నిమిషాల పైచిలుకు. క్యూవీవోలోకి మొదటి 42 జీబీ ఎనభై సెకన్లలో పోతుంది, మిగిలిన 158 జీబీకి ముప్పైమూడు నిమిషాలు. కాపీ అవుతున్నప్పుడు విండోస్ చూపే పచ్చని గీతను గమనిస్తే ఈ కథంతా కళ్లకు కడుతుంది. కాసేపు పైన చదునుగా పోయి, ఉన్నట్టుండి గోడ దిగినట్టు కిందికి పడి, అక్కడే పాకుతూ ఉంటుంది. డ్రైవు పాడైందనుకుని అంగడికి పరుగెత్తేవాళ్లున్నారు. పాడవలేదు, వాకిలి నిండింది, అంతే. డ్రైవు నిండుగా ఉంటే వాకిలి ఇంకా చిన్నదవుతుంది. ఆ క్యూవీవోలోనే ఎప్పుడూ ఉండే వాకిలి 6 జీబీ. మిగతా 36 ఖాళీ చోటు ఉన్నప్పుడు దొరికేది.

ఇంతవరకు చదివి క్యూఎల్‌సీని కొట్టిపారేయకండి. అదే 200 జీబీని కెమెరా కార్డు నుంచి నేరుగా ఎక్కిస్తే? మామూలు కార్డు సెకనుకు 90 ఎంబీకి మించి ఇవ్వదు. ఈవీవోకి ముప్పైఏడు నిమిషాలు, క్యూవీవోకి నలభై ఒకటి. ఆరు, ముప్పైనాలుగుల మధ్య ఉన్న తేడా నాలుగు నిమిషాలకు దిగిపోయింది. వరసలో అన్నిటికంటే నెమ్మదైనది ఏదో చూసుకోకుండా డ్రైవు మీద డబ్బు పోయడం నా దృష్టిలో శుద్ధ దండగ.

చీటీలో రాయని సంగతులు

ఒకే పేరుతో లోపలి సరుకు మారడం ఈ వ్యాపారంలో ఉన్నదే. 2021లో వెస్ట్రన్ డిజిటల్ బ్లూ ఎస్‌ఎన్550 డ్రైవులో చిప్పులు మారాయి. వాకిలి నిండాక 610 ఎంబీ ఉండే వేగం 390కి పడింది. పరీక్షించినవాళ్లు బయటపెట్టాక కంపెనీ ఒప్పుకుని, ఇకపై ఇలాంటి మార్పు చేస్తే మోడల్ నెంబరు మారుస్తామంది. అదే ఏడాది క్రూషియల్ పీ2 టీఎల్‌సీ నుంచి క్యూఎల్‌సీకి మారిన సంగతీ బయటపడింది. పేరు మాత్రం మారలేదు. కాబట్టి మూడేళ్ల కిందటి సమీక్ష చదివి ఈరోజు కొనకూడదు.

ఇంకొకటి డీర్యామ్. ఏ ముక్క ఏ గదిలో ఉందో చెప్పే పెద్ద పట్టిక ప్రతి ఎస్‌ఎస్‌డీలోనూ ఉంటుంది. ఒక టీబీకి ఆ పట్టిక దాదాపు ఒక జీబీ. ఖరీదైన డ్రైవుల్లో దాన్ని పెట్టుకోవడానికి విడిగా వేగమైన మెమరీ చిప్పు ఇస్తారు. చౌకవాటిలో ఇవ్వరు. చిప్పు లేని ఎన్‌వీఎంఈ డ్రైవు కంప్యూటర్ ర్యామ్‌లో కొంత చోటు అరువు తెచ్చుకుని సర్దుకుంటుంది. సాటా డ్రైవుకు ఆ అరువు దొరకదు. అందుకే డీర్యామ్ లేని చౌక సాటా డ్రైవులు ఒకేసారి నాలుగు పనులు పడితే తడబడతాయి.

డబ్బు ఆశ చూపి ముంచేవి వేరే ఉన్నాయి. ఎనిమిది, పదహారు టీబీ అంటూ వెయ్యి రూపాయలకు ఆన్‌లైన్లో కనిపించే జేబు ఎస్‌ఎస్‌డీలు మోసమే. లోపల చిన్న కార్డు పెట్టి, పెద్ద సైజు చూపేలా అబద్ధం నేర్పిస్తారు. నిండేదాకా బయటపడదు, నిండాక పాతవాటిమీదే కొత్తవి రాస్తుంది. హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం డ్రైవు మొత్తం నింపి, తిరిగి చదివి, నిజం చెబుతుంది. అసలు డ్రైవులోనే ఒక టీబీకి 931 జీబీ చూపడం మాత్రం మోసం కాదు. కంపెనీ వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి.

ఎండ ఊళ్ల స్టూడియోలకు ఒక హెచ్చరిక చెప్పాలి. గదిలోని ఎలక్ట్రాన్లు కాలంతో పాటు కారుతాయి, వేడికి త్వరగా కారుతాయి. జెడెక్ అనే సంస్థ ప్రమాణం ప్రకారం, రాత పరిమితి దాకా అరిగిపోయిన మామూలు వాడుక ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు సమాచారాన్ని నిలుపుకోవాలి. కొత్త డ్రైవు అంతకంటే చాలా ఎక్కువ కాలమే నిలుపుతుంది. అయినా, పాత పెళ్లిళ్లను వాడేసిన ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించి, రేకుల కప్పు కింద బీరువాలో ఏళ్ల తరబడి పడేయడం తెలివైన పని కాదు. దాచిపెట్టే పనికి ఇప్పటికీ హార్డ్ డిస్కే నయం, చౌక కూడా. అదీ రెండు కాపీలు. కరెంటు పోతూ వస్తూ ఉండే చోట డెస్క్‌టాప్‌కు యూపీఎస్ తప్పనిసరి. రాస్తుండగా కరెంటు పోతే ఆ క్షణంలో దారిలో ఉన్నదంతా పోతుంది.

రూపాయికి ఎంత

మన్నిక గురించి భయపడేవాళ్ల కోసం వివరపత్రంలో టీబీడబ్ల్యూ అనే అంకె ఉంటుంది. వారంటీ కాలంలో మొత్తం ఎన్ని టీబీలు రాయవచ్చో చెప్పే హామీ అది. ఇందాకటి ఈవీవోకు 600 టీబీ, క్యూవీవోకు 360. రెండో దానికి దాదాపు సగం ఆయుష్షే అనిపిస్తుంది. వారంటీ చూడండి: మొదటిదానికి ఐదేళ్లు, రెండోదానికి మూడేళ్లు. ఏడాదికి పంచితే రెండూ 120 టీబీలే! రోజుకు దాదాపు 329 జీబీ. డీటీపీ అంగడిలోనో ఆన్‌లైన్ అర్జీలు పెట్టే గ్రామ ఒన్ కేంద్రంలోనో రోజుకు 20 జీబీ రాస్తారనుకున్నా 360 టీబీ పూర్తవడానికి 49 ఏళ్లు పడుతుంది. ఏడాదికి అరవై పెళ్లిళ్లు, ఒక్కోటి మూడుసార్లు కాపీ అయినా 36 టీబీ, అంటే పదేళ్లు. మామూలు ఇళ్లలో ఎస్‌ఎస్‌డీ రాతకు అరిగి చావడం అరుదు. నియంత్రణ చిప్పు పాడై హఠాత్తుగా పోవడమే ఎక్కువ. అందుకే వారంటీ ఏళ్లు టీబీడబ్ల్యూ కంటే ముఖ్యం.

ధర పోల్చేటప్పుడు అంగట్లో అందరూ జీబీకి ఎంత అని చూస్తారు. దాని పక్కనే ఏడాదికి ఎంత అని కూడా చూడండి. లెక్క కోసం అనుకుందాం: మూడేళ్ల వారంటీ ఉన్న ఒక టీబీ డ్రైవు 5,000, ఐదేళ్లది 6,500. జీబీ లెక్కలో మొదటిదే చౌక. ఏడాది లెక్కలో మొదటిది 1,667, రెండోది 1,300. అలాగే 500 జీబీ కంటే ఒక టీబీకి సాధారణంగా జీబీ ధర తగ్గుతుంది, వాకిలి పెరుగుతుంది, టీబీడబ్ల్యూ రెట్టింపవుతుంది.

కొనేముందు మీ కంప్యూటరు ఏ దారిని పట్టుకుంటుందో తెలుసుకోవాలి. పాత లాప్‌టాప్‌లో రెండున్నర అంగుళాల సాటా చోటు మాత్రమే ఉంటుంది. ఎం.2 అనే సన్నని చోటు ఉన్నా అది సాటాకే పరిమితం కావచ్చు. అందులో ఎన్‌వీఎంఈ పనిచేయదు. మూడో తరం చోట్లో నాలుగో తరం డ్రైవు పెడితే 7000 అని రాసి ఉన్నా 3500 దగ్గరే ఆగుతుంది. యూఎస్‌బీ 3.0 డబ్బాలో పెడితే ఎంత వేగమైన డ్రైవైనా 450 దగ్గరే ఆగుతుంది.

నా తీర్పు ఇది. పాత లాప్‌టాప్‌కు పేరున్న కంపెనీ సాటా ఎస్‌ఎస్‌డీ ఏదైనా చాలు, మిగిలిన డబ్బు ర్యామ్‌కు పెట్టండి. ఆన్‌లైన్ అర్జీలు పెట్టే కేంద్రాలకూ అంతే, అక్కడ ఆలస్యం చేసేది నెట్టు గానీ డ్రైవు కాదు. వీడియో ఎడిటింగ్‌కు మూడో లేదా నాలుగో తరం ఎన్‌వీఎంఈ, టీఎల్‌సీ, కనీసం ఒక టీబీ. ఇక్కడ మాత్రం క్యూఎల్‌సీ వద్దు. సినిమాలు, పాటలు, అప్పుడప్పుడు తెరిచే ఫైళ్లకు క్యూఎల్‌సీ బాగానే ఉంటుంది. ఐదో తరం డ్రైవు కావలసిన పని ఇది చదివేవాళ్లలో నూటికి ఒకరికైనా ఉంటుందని నేననుకోను. ఏఐ సర్వర్ల గిరాకీతో 2025 చివరి నుంచి చిప్పుల ధరలు పెరుగుతున్నాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ వినియోగదారుల వ్యాపారాన్నే మానుకుంటున్నట్టు ప్రకటించింది. ధరలు తగ్గేదాకా ఆగుదామని పాత హార్డ్ డిస్కుతో ఇంకో ఏడాది కుస్తీ పట్టకండి.

కొన్నరోజే బిల్లు మీద పూర్తి మోడల్ నెంబరు, సీరియల్ నెంబరు రాయించుకోండి. “ఎస్‌ఎస్‌డీ ఒక టీబీ” అని మాత్రమే రాసిచ్చిన చీటీతో నాలుగేళ్ల తర్వాత వారంటీ అడగడం కష్టం.